పలక పుట్టిన చప్పుడు

మా నాన్న మార్కాపురం పలకల గనిలో
మందు పెట్టేవాడు.
సంగటి వేళకు మూడు ఈలలు,
ఆ వెనక ఒక దెబ్బ.
మా గుడిసెలో చెంబులు కదిలేవి.
అమ్మ తలెత్తకుండానే అనేది,
"ఇంకో వెయ్యి పలకలు లేచినయ్."

ఆ చప్పుడంటే నాకు భయం లేదు.
మా ఇంట్లో ఉప్పూ పప్పూ
ఆ చప్పుడు చేసుకుంటూనే వచ్చేవి.

దోర్నాల దాటి, శ్రీశైలం రోడ్డు వదిలి
ఆరు మైళ్ళు నడిస్తే
చింతబైలు చెంచుగూడెం.
అక్కడ నేను అంగన్‌వాడీ టీచర్ని.
ఒక రేకుల గది, పసిపిల్లల్ని తూచే కాటా,
ఇరవై ముగ్గురు పిల్లలు,
గోడ మీద పళ్ళ బొమ్మల పటం.
ఆపిల్‌ని ఎవరూ గుర్తుపట్టలేదు.
తునికిపండు ఏదీ అని నన్నే నిలదీశారు.

మొదటి వారమే
ఉప్మా గిన్నె మూత చెయ్యి జారి
బండ మీద ఖంగుమంది.
వంగి తీసుకుని తలెత్తేసరికి
కూర్చున్నవాళ్ళు ఎవరూ లేరు.
ఇరవై మూడు వీపులు
నేలకు బోర్లా, తలల మీద చేతులు.
మూడేళ్ళు నిండని ఈదన్న కూడా.
ఏడుపు లేదు.
అంత బాగా వచ్చిన పాఠం
నేను చెప్పింది కాదు.

పగలు వచ్చినవాళ్ళు ఆకుపచ్చ బట్టల్లో వచ్చారు.
హాజరు పుస్తకం తిరగేసి
"వీడి తండ్రి ఎక్కడ?" అన్నారు.
రాత్రి వచ్చినవాళ్ళవీ ఆకుపచ్చ బట్టలే.
అదే పుస్తకం, టార్చి వెలుగులో.
"పగలు వాళ్ళేం అడిగారు?"
ఇద్దరికీ ఒకటే చెప్పాను,
ఇది తండ్రుల పుస్తకం కాదు,
ఏ బిడ్డ ఎన్ని కిలోలు పెరిగిందో రాసుకునేది.
పగటివాళ్ళని సార్ అన్నాను,
రాత్రివాళ్ళని అన్నా అన్నాను.
మర్నాటి నుంచి పేర్లు పెన్సిల్‌తో రాశాను.

వాగు మీద వంతెన పేలాక
నెల్లాళ్ళు బస్సు లేదు, గుడ్లు లేవు.
గది తాళం క్యాంపువాళ్ళ దగ్గర.
ఇప్పచెట్టు కింద చింతగింజలతో లెక్కలు చెబుతుంటే
మంతన్న గుప్పిట విప్పి
ఖాళీ తూటా తొడుగులు పోశాడు.
"ఇవి లెక్కకొస్తయా టీచరమ్మా?"
వస్తాయన్నాను. ఏమనను?
ఏడు దాకా వచ్చాయి.
ఎనిమిదికి చింతగింజ పెట్టుకున్నాం.

దసరాకి ఇంటికెళ్ళి
నాన్న ఏరి పెట్టిన పలకలు తెచ్చాను,
మూల విరిగినవి, షావుకారు వద్దన్నవి.
నాన్న అప్పటికే దగ్గుతో మంచం మీద.
దారిలో గోతాం విప్పించి
ఒక్కో పలకా వేలితో తట్టి చూశారు.

"ఇది ఏ చెట్టుకి కాస్తది?"
బయమ్మ అడిగింది.
చెట్టుకి కాదే, భూమిలోంచి.
రాతికి బెజ్జం వేసి, మందు పెట్టి...
అంటూ ఆగిపోయాను.
పిల్లలు ఒళ్ళో పలకల్ని
మెల్లగా, శబ్దం లేకుండా
నేల మీద పెట్టేశారు.

బయమ్మ ఒక్కతే పెట్టలేదు.
తేనె ఉందా లేదా అని
చెట్టు తొర్రకి చెవి ఒగ్గినట్టు
పలకకి చెవి ఆనించి చాలాసేపు విన్నది.
"ఇప్పుడు మోగట్లే" అంది.
ఉమ్మేసి మోచేత్తో తుడిచి
అ మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నమే
లోయ అవతల ఒక దెబ్బ.
మూడు ఈలలు వినబడలేదు.
ఇక్కడ ఎవరూ ఈల వేయరు.
అందరం బోర్లా పడ్డాం. ఇప్పుడు నాకూ వచ్చు.
బయమ్మ పలకను పొట్ట కింద దాచుకుంది.

లేచాక చూస్తే
చొక్కా లేని ఆ నల్లటి పొట్ట మీద
తెల్లగా, తిరగబడిన అ.
"తప్పొచ్చింది టీచరమ్మా" అని
అరచేత్తో రుద్దుకుంటూ
బలపం కోసం
గడ్డిలో వెతుకుతోంది.